సడలింపు మాది, నింద ఓదెలుది

మొన్నామధ్య శిక్షణ కేంద్రంలో కొత్తగా చేరిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. రిటైరైన మనిషిని పిలిస్తే కాదంటాడా? ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. నా ఉపన్యాసానికి ముందు వాళ్లకు ఒక పరీక్ష పెట్టారు. గనుల్లో జరిగే కొన్ని ప్రమాదాలను వర్ణించి, ఒక్కోదానికీ కారణం రాయమన్నారు. ఆ కాగితాలు నా చేతికిచ్చి చూడమన్నారు. పైకప్పు కూలింది: కార్మికుడి నిర్లక్ష్యం. బ్రేకు పట్టలేదు: కార్మికుడి నిర్లక్ష్యం. నీళ్లు ముంచెత్తాయి: దానికీ కార్మికుడి నిర్లక్ష్యమే. ఆ నీళ్లను వాడు బిందెతో మోసుకొచ్చి నెత్తిన పోసుకున్నాడా అని అడిగాను. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో కూర్చున్న అబ్బాయి మర్యాదగా లేచి, "సార్, గట్ల రాస్తేనే మార్కులు వస్తయని చెప్పిన్రు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అబ్బాయి మీద కాదు. నేను సేఫ్టీ ఆఫీసరుగా ఉన్నన్నాళ్లూ ఏ మాటతో తలపడ్డానో ఆ మాట నాకంటే ఆరోగ్యంగా ఉంది. దానికి రిటైర్మెంటు కూడా లేనట్టుంది. ఆ రోజు కోపంలో ఏదేదో అరిచి, చెప్పాల్సింది చెప్పకుండానే ఇంటికి వచ్చేశాను. టీ కూడా తాగలేదు. అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. నేను ఎక్కడెక్కడ పనిచేశాను, ఏ హోదాలో దిగిపోయాను అన్నవి మీకు పనికిరావు, వదిలేస్తాను. నేర్చుకోవాల్సింది రెండే సంగతులు. ఒకటి, ఒక నియమాన్ని సడలించడమంటే ఏమిటి. రెండు, దెబ్బ తిన్న మనిషిని మనం ఎందుకు చులకన చేస్తాం. ఈ రెండూ విడివిడి సంగతులని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఓదెలు కాలు పోయేదాకా.

దేవదానం గారు చెప్పింది

ఉద్యోగంలో చేరిన కొత్తలో కొత్తగూడెంలో నా పై అధికారి దేవదానం గారు. ఆదివారం చర్చిలో పాడితే వీధి చివరిదాకా వినపడే గొంతు ఆయనది. బొగ్గుబావిలోకి దిగితే మాత్రం గుసగుసగా మాట్లాడేవారు. పైకప్పు చేసే చప్పుడు వినాలంటే మన నోరు మూసుకోవాలని అనేవారు.

ఒకరోజు నేను ఆయనతో ఏదో నియమం గురించి తేలిగ్గా, "దానికి మనకు సడలింపు వచ్చింది కద సార్, ఇంక దాని ఫికర్ లేదు" అన్నాను. ఆయన నడక ఆపేశారు. నన్ను దుంగల కుప్ప మీద కూర్చోబెట్టి తనూ కూర్చున్నారు.

"సడలింపు వచ్చిందంటే నియమం సచ్చిపోయిందా?" అన్నారు. "తలుపు కాడ కావలోడు నిలవడ్డడు. నువ్వు అవసరమని అడిగితే జెర పక్కకు జరిగిండు. నువ్వు పోంగనే మల్ల ఆడనే నిలవడ్తడు. జరిగిండు గదా అని తలుపే పీక్కపోతవా?"

చట్టం గురించి నేను తర్వాత చాలా చదివాను కానీ, ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. సడలింపు అడిగేవాడు ముందు నిజంగా తప్పనిసరి అని చూపించాలి. ఎంత అవసరమో అంతే అడగాలి, జానెడు అడిగి బారెడు తీసుకోకూడదు. ఎప్పటిదాకానో చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ నియమం కాపాడుతున్న మనిషికి దాని బదులు ఏ కాపుదల ఇస్తున్నావో చెప్పాలి. కొన్నిటికి అసలు సడలింపే లేదు. గ్యాసు ఉన్నచోట నిప్పుకు ఎంత పెద్ద అధికారి వచ్చినా అనుమతి ఇవ్వడు. దేశాలు కూడా అంతే. అత్యవసర పరిస్థితి అని చెప్పి ప్రభుత్వం చాలా హక్కులను పక్కన పెట్టవచ్చు గానీ, ప్రాణం హక్కును పక్కన పెట్టడానికి వీల్లేదని మన రాజ్యాంగమే చెబుతుంది. దేశానికి ఉన్న ఆ మాత్రం హద్దు బొగ్గుబావికి ఉండొద్దా?

లేస్తూ దేవదానం గారు ఇంకో మాట అన్నారు. "ఏ సడలింపు వచ్చినా, దాని బరువు ఎవని మీద పడ్తదో ముందుగాల తెలుసుకో. ఎవని మీదనో ఒకని మీద పడ్తది. ఆయన పేరు నీకు తెల్వకపోతే నీకు సడలింపు సంగతే తెల్వదు."

తామరపూల బోర్డు

చాలా ఏళ్ల తర్వాత రామగిరి వైపు ఒక బావికి బదిలీ మీద వచ్చాను. దాని నంబరు చెప్పను. అక్కడ పనిచేసినవాళ్లకు తెలుసు, మిగతావాళ్లకు అవసరం లేదు. భూమిలోకి ఏటవాలుగా దిగే రెండు దారులుండేవి. ఒకదాంట్లో మనుషులు నడుస్తారు. ఇంకోదాంట్లో బొగ్గు టబ్బులు నడుస్తాయి. పైన ఇంజను గదిలో హాలర్ తిరుగుతుంటే, ఇనుప తాడుకు కట్టిన టబ్బులు పట్టాల మీద వరసగా పైకి వస్తాయి. హాలర్ నడిపే మనిషికి కింద ఎవరున్నారో కనపడదు. అందుకే టబ్బుల దారిలో మనిషి నడవకూడదు. ఇంత చిన్న నియమం. మేకకు చెప్పినా అర్థమవుతుంది.

నేను రాకముందు ఒక వానాకాలం నడక దారిలో నీళ్లు నిలిచాయట. నీళ్లు తోడేదాకా, షిఫ్టు మారే సమయంలో కార్మికులు టబ్బుల దారిలో నడవడానికి పైనుంచి అనుమతి తెచ్చుకున్నారు. అది తప్పేమీ కాదు. షరతులు కూడా సక్రమంగానే పెట్టారు. షిఫ్టు మారుతున్నంతసేపూ హాలర్ ఆపాలి. ఆఖరి మనిషి దాటాడని కబురు వచ్చాక, దారి పొడవునా వినపడేలా గంట కొట్టాకే మళ్లీ తిప్పాలి. నీళ్లు పోగానే అనుమతి కూడా పోవాలి. ఇదంతా రేకు బోర్డు మీద రాయించి దారి మొదట్లో కట్టారు.

నీళ్లు పోయాయి. అనుమతి పోలేదు. ఎవరూ నడవడం లేదు కదా అని నడక దారిలో పాత దుంగలు, తుప్పు పట్టిన సామాను పడేశారు. దారి మూసుకుపోయింది కాబట్టి అనుమతి పొడిగించమన్నారు. పొడిగించారు. తాము మూసిన దారిని చూపించి తామే సడలింపు అడగడంలో ఎవరికీ వింత కనపడలేదు.

ఇక హాలర్ సంగతి. మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. షిఫ్టు అయ్యేలోపు పైకి చేరిన టబ్బులే ఆ షిఫ్టు వాళ్ల ఉత్పత్తి. ఆ తర్వాత పైకి వస్తే ఆ పేరు తర్వాతి షిఫ్టుకు పోతుంది. చెమటోడ్చి నింపిన బొగ్గు ఇంకొకడి పేరున పోతే ఎవరికి నచ్చుతుంది? కాబట్టి రోజంతా కునుకు తీసిన హాలర్ కూడా షిఫ్టు ఆఖర్న దుమ్ము లేపుతుంది. అంటే సరిగ్గా మనుషులు ఆ దారిలో నడిచే సమయానికి. మొదట్లో పూర్తిగా ఆపారు. తర్వాత కొంతసేపు ఆపారు. తర్వాత ఆపకుండా మెల్లగా తిప్పారు. తర్వాత ఆ మెల్లగా కూడా పోయింది. గంట తీగ తెగితే మళ్లీ కట్టినవాడు లేడు.

దసరాకు బావి మీద ఆయుధపూజ ఘనంగా చేస్తాం. ఇంజనుకు బొట్లు, తాడుకు నిమ్మకాయలు, బోర్డులన్నిటికీ కొత్త రంగు. నేను రాకముందు ఒక దసరాకు వచ్చిన పెయింటరు మొదటి వాక్యాన్ని గుండ్రటి అక్షరాలతో ముచ్చటగా రాశాడు: "షిఫ్టు మారునపుడు ఈ దారిన నడువవచ్చును." కింద షరతులు చిన్న అక్షరాల్లో ఉండి, మసి పట్టి, అతనికి ఆనలేదు. జాగా ఖాళీగా ఉంటే బాగుండదని అక్కడ రెండు తామరపూలు వేశాడు. నేను వెళ్లేసరికి అనుమతి ఉంది, షరతుల చోట పూలున్నాయి. ఇదేమిటయ్యా అంటే, "మంచిగున్నయి గద సార్" అన్నారు. మేనేజరు గారితో చెబితే, "చూద్దాం లెండి" అన్నారు. ఆ "చూద్దాం" ఇంకా నడుస్తుండగానే ప్రమాదం జరిగింది.

మూలిగే నక్క

ఓదెలు టింబర్‌మన్. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. మొదటి షిఫ్టు ముగించుకుని అందరితో పాటే ఆ దారిలో ఎక్కుతున్నాడు. కింద టబ్బులు కదిలాయి. చప్పుడుకు పక్కకు దూకాడు గానీ ఒక కాలు పట్టాల మీద ఉండిపోయింది. దవాఖానలో మోకాలి దాకా తీసేశారు.

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. ఓదెలు చచ్చిపోయి ఉంటే దండ వేసి, బంగారంలాంటి మనిషి అనేవాళ్లం. అతను బతికాడు. బతికిన పాపానికి అతని కళ్లు, చెవులు, నోరు అన్నీ కొలిచి, ఏదీ సరిపోలేదని తేల్చడం మొదలుపెట్టారు. సాయంత్రానికల్లా క్యాంటీన్లో మాటలు సిద్ధం. ఒకడు తాగి ఉన్నాడన్నాడు. ఒకడు చెవుడన్నాడు. ఇంకొకడు ఎప్పుడూ పరధ్యానమే అన్నాడు. గంట కొట్టారని, అతనే వినలేదని అందరూ అన్నారు. కార్మికుల పక్షాన నిలబడాల్సిన యూనియన్ నాయకుడు కూడా నా చెవిలో, "మావోడే గని సార్, జెర సోయి లేని మనిషి" అన్నాడు. అరే, నీ మనిషి కాలు పోయి పడి ఉంటే నువ్వు చెప్పాల్సింది ఇదా?

మూలిగే నక్క మీద తాటిపండులా ఓదెలు మీద అభియోగం కూడా పడింది. టబ్బుల దారిలో నడవడం నిషేధం, నడిచాడు, నిర్లక్ష్యం చేశాడు అని. రుజువైతే నౌకరి పోతుంది. నేను మేనేజరు గారి గదిలోకి వెళ్లాను.

"సార్, ఆ దారిలో నడవమని బోర్డు కట్టింది మనం."

"నడవమంటే కళ్లు మూసుకుని నడవమన్నామా?"

"హాలర్ ఆపుతామన్నాం. గంట కొడతామన్నాం."

"వాడు తాగుతాడని అందరూ చెబుతున్నారు. మీరొక్కరే వాణ్ణి వెనకేసుకొస్తున్నారు. మీరు కంపెనీ మనిషా, ఓదెలు మనిషా?"

ఈ ప్రశ్న ఎన్ని గదుల్లో విన్నానో. ఓదెలు కూడా కంపెనీ మనిషే కదా అన్న ఆలోచన ఏ గదిలోనూ ఎవరికీ రాదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి, ఎందుకంటే మీ ఉద్యోగంలోనూ ఇది జరుగుతుంది. బొగ్గు పైకి రావాల్సినప్పుడు మాకు సడలింపు గుర్తుంది, నియమం గుర్తులేదు. మనిషికి దెబ్బ తగలగానే నియమం గుర్తొచ్చింది, సడలింపు మరిచిపోయాం. పొద్దున దాని సుఖం మేం అనుభవించాం. మధ్యాహ్నం దాని శిక్ష ఓదెలుకు రాశాం. దీన్ని చట్టం అనకూడదు, దొంగాట అనాలి.

దవాఖానకు వెళ్లాను. ఓదెలు మత్తులో ఉన్నాడు. అతని భార్య రాజవ్వ మంచం పక్కన నిలబడి ఉంది. పలకరిస్తే ఏడవలేదు.

"నౌకరి ఉంటదో పోతదో దేవుడెరుగు సారూ," అంది. "గాయినె తాగిండని మాత్రం రాయకుండ్రి. ఆదివారం తాగుతడు. నేనే తెచ్చి పోస్త. డ్యూటీ ఉన్ననాడు ముట్టడు. మా లైన్ల ఎవ్వల్నన్న అడుగుండ్రి."

నాకు ఆమె మాట మీద నమ్మకం కుదిరింది. అసలు తాగడనే భార్యను అనుమానించాలి గానీ, ఆదివారం నేనే పోస్తానన్న భార్యను అనుమానించడానికి ఏముంది? దవాఖాన డాక్టరు గారిని అడిగాను. మద్యం వాసన గానీ జాడ గానీ లేదన్నారు. ఆ మాట బావి మీద చెబితే ఒకాయన, "అయితే నిద్రమత్తు అయి ఉంటుంది" అన్నాడు. చూశారా, మనిషిలో తప్పు ఉండి తీరాలి. ఒకటి కాకపోతే ఇంకోటి.

అందరూ విన్న గంట

విచారణలో నేనూ కూర్చున్నాను. ఆ రోజు అదే దారిలో నడిచినవాళ్లను ఒక్కొక్కరినే పిలిచాం.

"గంట కొట్టిన్రు సార్. గాయినె ఇనలే" అన్నాడు మొదటివాడు.

"నువ్వు ఇన్నవా?"

"నేను ముందల వోయిన సార్. ఎన్కటోళ్లు ఇన్నరట."

వెనక నడిచినవాళ్లను పిలిపించాను.

"మేము శాన దూరం ఉన్నం సార్. ముందటోళ్లకు ఇనవడ్డదట."

"మరి నడుమ ఉన్నదెవరు?"

"ఓదెలే సార్."

నలుగురితో నారాయణ అన్నట్టు అందరూ గంట కొట్టారనే చెప్పారు. విన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. వీళ్లు అబద్ధాలకోరులు కారు. వీళ్లలో కొందరు ఓదెలును వీపు మీద మోసుకుని పైకి తెచ్చినవాళ్లు. అయినా గంట మోగిందని నమ్ముతున్నారు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఆఖర్న హాలర్ నడిపే సమ్మయ్యను పిలిచాం. సమ్మయ్యకు ఓదెలు సొంత బావ. ఒకే లైన్లో క్వార్టర్లు. ఓదెలు తాగి ఉన్నాడన్న మాట మొదట పుట్టింది సమ్మయ్య నోట్లోనే అని అప్పటికే నాకు తెలుసు.

"సమ్మయ్యా, గంట కొట్టినవా?"

"తీగ తెగి శాన దినాలాయె సార్. చెప్పిన. చెప్పి చెప్పి ఇడిశిపెట్టిన."

"హాలర్ ఎందుకు ఆపలేదు?"

"ఆపితె ఫోనొస్తది సార్. టబ్బులు కిందనే ఉన్నయి, పండుకున్నవా అని తిడ్తరు. ఎవలు జేస్తరో మీకు ఎర్కే."

గదిలో అందరికీ ఎరుకే.

"సరే. మరి ఓదెలు తాగిండని ఎందుకన్నవ్?"

అప్పటిదాకా నిబ్బరంగా ఉన్నవాడు ఏడ్చేశాడు. "గట్ల అనకపోతె నేనెట్ల పండాలె సార్? మా అక్క మొగడు."

గంట ఎందుకు వినపడింది

మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్లు దీని గురించి చాలా రాశారు. వాళ్లు చెప్పేదాని సారం సమ్మయ్య ఆ ఒక్క ముక్కలో చెప్పేశాడు. నా వల్ల ఒకరికి అన్యాయం జరిగింది, నేను మాత్రం మంచివాణ్ణే. ఈ రెండూ ఒకే కడుపులో ఇమడవు. జరిగిన అన్యాయాన్ని వెనక్కి తీసుకోలేను. నన్ను నేను చెడ్డవాణ్ణి అనుకోలేను. కాబట్టి వాణ్ణి ఒక మెట్టు కిందికి దించుతాను. వాడు తాగుబోతు అయితే నాకు నిద్ర పడుతుంది.

మరి ఏ తప్పూ చేయని తోటి కార్మికులు ఎందుకన్నారు? వాళ్లు మర్నాడు పొద్దున అదే దారిలో దిగాలి. గంట కొట్టలేదని ఒప్పుకుంటే ఆ కాలు రేపు ఎవరిదైనా కావచ్చు. ఓదెలు వినలేదంటే, వినేవాళ్లకు ఏమీ కాదు. మాకు చెవులు బాగానే ఉన్నాయి అని ధైర్యం చెప్పుకోవచ్చు. అందుకే వాళ్లకు ఆ గంట కావాల్సి వచ్చింది. భయపడే మనిషి దయగా ఉంటాడని అనుకోకండి. నేను చూసినంతలో బాధితుడి పక్కనే నడిచినవాళ్లే అందరికంటే కఠినంగా మాట్లాడారు.

ఇంగ్లీషు పుస్తకాల్లో నియమాన్ని తగ్గించడానికీ, మనిషిని తగ్గించడానికీ డెరొగేషన్ అని ఒకే మాట వాడతారు. మన దగ్గర సడలింపు వేరు, చులకన వేరు. పేరు ఏదైనా కానివ్వండి. నేను చెప్పేది పనిలో చూసింది. గడువు దాటి, షరతులు రాలిపోయి మిగిలిన ప్రతి సడలింపు వెనకా ఎవరో ఒకరిని చులకన చేయడం వస్తుంది. రాక తప్పదు. ఎందుకంటే లెక్క ఎక్కడో సరిపోవాలి, చట్టం దగ్గర సరిపోకపోతే మనిషి దగ్గర సరిపెడతాం.

ఇప్పుడు బావుల్లోకి, క్వారీల్లోకి కాంట్రాక్టు మనుషులు చాలామంది వచ్చారు. పర్మినెంటు కార్మికుడికి దెబ్బ తగిలితే ఏమైంది అని అడుగుతాం. కాంట్రాక్టు మనిషికి తగిలితే ఎవడు వాడు అని అడుగుతాం. "గాళ్లు గట్లనే ఉంటరు" అన్న మాట నేను ఆఫీసర్ల నోట విన్నాను, కార్మికుల నోటా విన్నాను. ఒకప్పుడు ఈ మాట మన తాతల గురించి అన్నవాళ్లున్నారు, పొలాలు వదిలి బావిలోకి దిగిన కొత్తలో. అది మరిచిపోయి మనం ఇంకొకరి మీద అంటున్నాం. సిగ్గుండాలి.

కాబట్టి పిల్లలూ, ప్రమాదం జరిగిన చోటికి వెళ్లినప్పుడు మనిషి గురించి మొట్టమొదట అడగకండి. తాడు చూడండి. గంట చూడండి. వెలుతురు చూడండి. ఏ నియమానికి ఎవరు ఎప్పుడు సడలింపు తెచ్చారో, దాని షరతులు ఏమయ్యాయో అడగండి. అన్నీ అయ్యాక మనిషి దగ్గరికి రండి. అప్పటికి చాలాసార్లు అడగాల్సింది మిగలదు. మీ పక్కనున్నవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

గెలిచాక

ఓదెలు మీద అభియోగం ఎత్తేశారు. నౌకరి నిలబడింది. కృత్రిమ కాలు పెట్టించి, బావి పైన, కార్మికులకు తలదీపాలు ఇచ్చే ల్యాంపు రూములో పని ఇచ్చారు. నడక దారి శుభ్రం చేశారు. తామరపూల బోర్డు పీకేశారు. సమ్మయ్యకు హెచ్చరిక ఇచ్చారు. ఫోన్లు చేసినవాళ్లకు ఏమీ ఇవ్వలేదు. మేనేజరు గారు ఇంకా మంచి చోటికి బదిలీ అయ్యారు. ఇందులో ఏదీ నన్ను ఆశ్చర్యపరచలేదు.

నన్ను విసిగించింది ఓదెలు. ల్యాంపు రూముకు వెళ్లి ఎట్లున్నవని అడిగితే, "మంచిగున్న సార్. నాదే తప్పు గని, కంపెనీ నౌకరి ఇచ్చింది" అనేవాడు.

"నీ తప్పు లేదని తేలింది గదయ్యా."

"తేలింది సార్. గని నేను జెర ఇనుంటే..."

ఎన్నిసార్లు చెప్పానో. వినేవాడు, తలూపేవాడు, మళ్లీ అదే. అందరూ కలిసి వేసిన నింద అతని ఒంట్లోకి దిగింది. పైగా ఆ మాట అన్నంతకాలం అందరూ అతనితో బాగుండేవారు. సమ్మయ్య టీ తెచ్చిచ్చేవాడు. తనది తప్పు కాదంటే ఎదుటివాళ్లలో ఎవరిదో తప్పని అన్నట్టవుతుంది. అంత ధైర్యం ఒంటికాలి మనిషికి ఎక్కడిది? కేసు గెలిచాననుకున్న నాకు కోపం, జాలి రెండూ కలిసి వచ్చేవి.

దానికి తోడు మా శాఖ వాళ్లకే ఒక గొప్ప ఆలోచన వచ్చింది. ఏటా జరిగే రక్షణ వారోత్సవాల్లో ఓదెలును వేదిక ఎక్కించి మైకు ఇచ్చేవారు. అతను, "నేను గంట ఇనలే. నా లెక్క నిర్లక్ష్యం చెయ్యకుండ్రి" అని చెప్పేవాడు. అందరూ చప్పట్లు కొట్టేవారు. వద్దని నేనంటే, "జనానికి బాగా తగులుతుంది సార్" అనేవారు. తగలకేం చేస్తుంది, దెబ్బ తిన్నవాడితోనే దెబ్బ కొట్టిస్తుంటే.

నేను రిటైరయ్యే ఏడు కూడా అట్లాగే వేదిక వేశారు. ఆ ఏడు కార్మికుల కుటుంబాలను పిలిచారు. రాజవ్వ ఆడవాళ్ల కుర్చీల్లో కూర్చుంది. ఆమె అతని ఉపన్యాసం వినడం అదే మొదటిసారి. ఓదెలు మైకు పట్టుకుని మొదలుపెట్టాడు. "నేను గంట ఇనలే..."

"ఏ గంటయ్యా?"

రాజవ్వ లేచి నిలబడింది. వేదిక మీదినుంచి ఒకాయన, "అమ్మా, కూర్చోండి, ప్రశ్నలు తర్వాత" అన్నాడు.

"నేను మిమ్ముల అడుగుతలే సారూ, నా మొగన్ని అడుగుతున్న." ఆమె గొంతు పెంచలేదు. "గంట కొట్టలేదని నా తమ్ముడే చెప్పె. కొట్టని గంట ఎట్ల ఇనవడ్తదయ్యా నీకు? వాళ్లన్నరంటె వాళ్ల భయానికి అన్నరు. నువ్వెందుకంటున్నవ్? ఇంట్ల పిల్లలు గూడ మా నాయిననే తప్పు జేసిండంటున్నరు. ఇగ నేనెవ్వలికి చెప్పాలె?"

వేదిక మీద ఒకాయన కార్యక్రమం కాగితం చూసుకుంటున్నాడు. ఓదెలు భార్యను చూశాడు. తర్వాత మా ఆఫీసర్ల వైపు తిరిగి ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. నా దాకా వచ్చినప్పుడు నేను తలూపాను.

అతను మైకు మళ్లీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"గంట కొట్టలేదు" అన్నాడు. "హాలర్ ఆపలేదు. నడువుమన్న తొవ్వలనే నడిచిన."

నా ఉద్యోగంలో ప్రమాద నివేదికలు చాలా చదివాను, చాలా రాశాను కూడా. ఇంత సరిగ్గా ఎవరం రాయలేదు.

ఈసారి చప్పట్లు లేవు. ఓదెలు మైకు బల్ల మీద పెట్టి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్లు దిగి, మగవాళ్ల వైపు పోకుండా నేరుగా వెళ్లి రాజవ్వ పక్క కుర్చీలో కూర్చున్నాడు.